ఎడమవాటం కోత

స్నానాలగది తలుపు గడియ పెట్టుకుని, ఫిదెన్సియో కుడిచేతిని వేడినీళ్ళ కుళాయి కింద పట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళు కాలుతున్న సంగతి ఎడమచేతికి తెలుస్తోంది గాని కుడిచేతికి తెలియడం లేదు. బొటనవేలు, దాని పక్కనున్న రెండు వేళ్ళు ఇంకా నిద్ర లేవలేదు. రోజూ ఇలాగే వాటికి వేడి చూపించి, ఒక్కొక్కదాన్నీ వెనక్కి విరిచి, కత్తి పట్టుకునేపాటి బుద్ధి వచ్చేదాకా బతిమాలుకోవాలి. ఆ తర్వాత నడుంపట్టీ. గోడకు ఒరిగి, పట్టీ ఒక కొసను మోచేత్తో గోడకేసి అదిమిపట్టి, ఊపిరి బిగబట్టి రెండో కొసను లాగి అతికించాడు. వెన్నుపూసల్లో ఎక్కడో సూది దిగి, కాలి మడమదాకా పాకి, అక్కడే కూర్చుంది.

తలుపు మీద దబదబ చప్పుడైంది.

"అన్నా, పెళ్ళికొడుకు ముస్తాబు ఇంకా అవలేదా? ఇక్కడ ముగ్గురం పొట్ట పట్టుకుని నిలబడ్డాం" అన్నాడు అవతల నుంచి నబోర్.

"పెళ్ళికూతురు ఒప్పుకోవాలి కదరా, ఉండు."

గొంతు మామూలుగానే వచ్చింది. గొంతు మామూలుగా వచ్చేట్టు చూసుకోవడం అతనికి ఈ మధ్య బాగా అలవాటైంది.

గది చిన్నది. నాలుగు మంచాలు, ఒక కిటికీ, గోడకు నాలుగు మేకులు. వసంతంలో మెక్సికో నుంచి ఒప్పందం మీద రప్పించి, కోతలయ్యేదాకా సరిహద్దుకు ఉత్తరాన ఈ సాలీనాస్ లోయలో ఉంచి, చలి మొదలవగానే తిరిగి పంపించే కూలీలకు ఇలాంటి గదులే ఇస్తారు. నాలుగు మేకులకూ నాలుగు కొత్త టోపీలున్నాయి. మావాళ్ళకు అదొక పట్టింపు. ఇంటికి వెళ్ళే రోజు పెట్టుకోవడానికి ప్రతివాడూ ఒక మంచి టోపీ కొని, ప్లాస్టిక్ కవరు తియ్యకుండా మేకుకు తగిలించుకుంటాడు. పొలంలో గాడిద చాకిరీ చేసినా సరే, ఊళ్ళో బస్సు దిగేటప్పుడు నెత్తిమీద కొత్త టోపీ ఉండాలి. పాత టోపీతో దిగినవాణ్ణి చూసి కట్టుకున్న పెళ్ళామైనా నవ్వుతుంది. ఫిదెన్సియోది పొగాకు రంగు టోపీ. నలుగురిలో ముందుగా కొన్నది అతనే. ఆ రోజుల్లో ఉన్నది నడుంనొప్పి ఒక్కటే.

నొప్పి సంగతి కొత్తేమీ కాదు. ఏళ్ళ తరబడి వంగి, క్యాబేజీలా నేలనంటి పెరిగే లెట్యూస్ ఆకుకూర కోసినవాడి నడుం ఎలా ఉండాలో అలాగే ఉంది. ఎండాకాలం మధ్యలో వచ్చి చేరింది మాత్రం వేరే. నొప్పికి ఒక చోటంటూ ఉంటుంది, ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపించవచ్చు. దీనికి చోటు లేదు. ముద్ద నోట్లో పెట్టుకుంటే మట్టిలా ఉంటుంది. కన్ను మూతపడదు. ఆదివారం ఫోనులో భార్య ఒతీలియా మాట్లాడుతుంటే, గోడ అవతల ఎవరో ఇంకెవరితోనో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఇక చాల్లే, నువ్వు లేకపోతే అందరూ తేలికపడతారు అని లోపల ఎవరో మెల్లగా, దయగా చెబుతుంటారు. ఆ దయకే అతనికి భయం. ఎవరైనా ఒక్కరు పక్కకు పిలిచి, నీకేమైందని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేయాలని అతని ఆశ. కోతలు ముగిసేలోగా ఎవరో ఒకరు అడుగుతారని ఎదురుచూస్తున్నాడు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఫిదెన్సియోకు అడగడం చేతకాదు, అడిగించుకోకుండా చెప్పడమూ చేతకాదు.

మంచు కమ్మిన పొలం గట్టున బస్సు ఆగింది. దిగీ దిగగానే ముఠామేస్త్రీ క్రిస్పిన్ అందరినీ వరసలో నిలబెట్టి కసరత్తు మొదలెట్టాడు. నడుములు పట్టెయ్యకుండా కంపెనీ పెట్టిన నియమం అది. కంపెనీ ఇచ్చిన మందు కూడా అదొక్కటే.

"చేతులు పైకి! వంగండి! ఏంటయ్యా అట్టా కొయ్యల్లా నిలబడ్డారు, అవి మీ నడుములేనా, అరువు తెచ్చుకున్నారా?"

"నడుములు మావే మేస్త్రీ. వంచేది నువ్వు" అంది లాలా. పెట్టెలు సర్దే మనిషి. ముక్కు దాకా గుడ్డ చుట్టుకుని కళ్ళతోనే నవ్వుతుంది.

"నాది పోయినేడే అమ్మేశా. ఇది మా మావయ్యది" అని వెనక నుంచి ఎవరో అన్నారు. వరసంతా పకపకమంది. పచ్చరంగు నొప్పిమాత్రలు చేతులు మారాయి, కాఫీతో కలిసి గొంతుల్లోకి దిగాయి. మా ముఠాలో నొప్పి గురించి ఎవరూ మాట్లాడరు. నొప్పి మీద హాస్యాలు మాత్రం ఆడతారు. ఆ హాస్యాల్లోనే ఎవరికెక్కడ నొప్పో అందరికీ తెలిసిపోతుంది, తెలిసినట్టు ఎవరూ కనబడరు.

కోతకు ముగ్గురొక జట్టు. ఇద్దరు వంగి కోస్తారు, మూడో మనిషి వెనకే పెట్టెల్లో సర్దుతుంది. కూలి పెట్టెల లెక్కన వస్తుంది, ముగ్గురికీ సమానం. అందుచేత ఒకడు మెల్లగా కోస్తే మిగిలిన ఇద్దరి తిండి తింటున్నట్టే. మనిషిని తిట్టడానికి మావాళ్ళ దగ్గర చాలా మాటలున్నాయి. వాటన్నిటిలోకీ పెద్ద తిట్టు 'బరువు'. అమ్మను తిట్టినా సర్దుకుపోయే మనిషి, వాడు జట్టుకి బరువు అంటే కత్తి పట్టుకుని లేస్తాడు.

ఫిదెన్సియో, నబోర్, లాలా ఐదేళ్ళుగా ఒకే జట్టు. నబోర్‌ది ఎడమవాటం. అందుకని అతను ఎడమ సాళ్ళు, ఫిదెన్సియో కుడి సాళ్ళు పట్టుకుంటారు, కత్తులు ఒకదానికొకటి అడ్డు రావు. వంగడం, గుండ్రటి లెట్యూస్ మెడ కింద కత్తి పెట్టి ఒక్క తోపు, తిప్పి పై ఆకులు రాల్చడం, వెనక్కి వెయ్యడం, మళ్ళీ వంగడం. నిటారుగా లేస్తే మళ్ళీ వంగడం కష్టమని ఫిదెన్సియో సగానికే లేచి అలాగే ముందుకు జరుగుతాడు. ఈ మధ్య తన సాళ్ళు చకచకా సాగిపోతున్నాయి. మాత్రలు బాగా పనిచేస్తున్నట్టున్నాయని అనుకున్నాడు. ముసలాడివైనా నీ చేతిలో ఇంకా పనుందిరా అని తనకు తానే చెప్పుకున్నాడు. నిద్ర లేని రాత్రుల్లో ఆ ఒక్క సంగతే కాస్త పట్టు దొరికే చోటు.

పొద్దు కాస్త పైకొచ్చాక అతను వెనక ఆపిన బండి మీది మరుగుదొడ్డికి బయల్దేరాడు. మామూలుగా గట్టెక్కి చుట్టూ తిరిగి పోతాడు. ఇవాళ కాలు ఈడుస్తోంది, దగ్గరదారని తను కోసిన సాలు వెంటే వెనక్కి నడిచాడు. బురదలో జారకుండా నేల చూసుకుంటూ నడుస్తున్నాడు.

మోళ్ళు కనిపించాయి. తెల్లగా, పాలు కారుతూ, సాలు పొడుగునా.

కోసినవాడి చెయ్యి మోడు మీద తెలిసిపోతుంది. కుడిచేత్తో తోస్తే కోత ఒక పక్కకు వాలుతుంది, ఎడమచేత్తో తోస్తే రెండో పక్కకు. ముందు ఒక మోడు ఆ రెండో పక్కకు వాలి కనిపించింది. పొరపాటున పడిందిలే అనుకున్నాడు. పక్కదీ అంతే. ఇంకో నాలుగడుగులేశాక ఒకటి తనది. ఆ తర్వాత వరసగా ఎడమవాటం, ఎడమవాటం, ఎడమవాటం. తన సాలులో సగానికి పైగా తనవి కావు.

ఫిదెన్సియోకు తల కొట్టేసినట్టయింది. నడుం పట్టుకుని అక్కడే గొంతుక్కూర్చున్నాడు. నబోర్ ఇది ఎప్పట్నించి చేస్తున్నాడు? లాలా వెనకే నడుస్తుంది, ప్రతి మోడూ చూసే ఉంటుంది. వెనక జట్లవాళ్ళు, మేస్త్రీ, గొట్టాలు మార్చే నీళ్ళమనిషి, అందరూ ఈ సాళ్ళలో నడిచేవాళ్ళే. చూడనిదల్లా ముందుకే నడిచే తనొక్కడు. ఇన్నాళ్ళూ ముఠాకి ముఠా కలిసి, ఒక్క మాటైనా బయటపడకుండా, తనను మోస్తోంది.

తిరిగి వచ్చి తన చోట నిలబడ్డాడు. ఈసారి వంగి ఓరకంట చూశాడు. నబోర్ తన సాలులోవి రెండు కోసి, తల తిప్పకుండా, పక్క కంచంలోంచి ముద్ద తీసుకున్నంత మామూలుగా చెయ్యి చాచి ఫిదెన్సియో సాలులోది ఒకటి కోశాడు.

"నీ సాలు నువ్వు చూసుకోరా."

"చూసుకుంటూనే ఉన్నా అన్నా. నాది మెల్లకన్ను గదా, నీ సాలులోకి పోతోంది."

ఇద్దరూ నవ్వారు. ఒక్కరు నవ్వకుండా ఉన్నా మాట అక్కడ ఆగి నిలబడేది. నవ్వారు కనక దాటిపోయింది. చూశావా, నేను చెప్పలేదూ అంది లోపలి గొంతు, ఎప్పటికంటే దయగా.

మధ్యాహ్నం అన్నాల వేళకు మరీక్రూజ్ వచ్చింది. ఆసుపత్రి తరఫున పొలాలవెంట తిరిగే ఆరోగ్య కార్యకర్త. వాళ్ళమ్మ కూడా ఈ సాళ్ళలో వంగిన మనిషే, అందుకని మావాళ్ళు ఆమెను కూతురిలాగే చూస్తారు, కూతురిమీద వెయ్యని హాస్యాలు కూడా వేస్తారు. తిరగేసిన పెట్టెల మీద అందరూ కూర్చుని మొక్కజొన్న రొట్టెల్లో చిక్కుడుగింజల ముద్ద చుట్టుకుని తింటున్నారు. ఆమె వాళ్ళ మధ్యకు వచ్చి నిలబడింది.

"నడుములూ భుజాల సంగతి నాకెలాగూ తెలుసు. ఇవాళ ఇంకోటి అడుగుతాను. రాత్రిళ్ళు నిద్ర పడుతోందా? దేనిమీదా మనసు పోకుండా ఉంటోందా?"

"మనసు పోకపోవడమేంటి తల్లీ, అది నువ్వొచ్చిన కాణ్ణించి నీ వెంటే పోతోంది" అన్నాడొకడు. గోల లేచింది.

"సిగ్గుండాలి వెధవా, నీ కూతురీడు పిల్ల" అని లాలా వాడి మీదికి మిరపకాయ విసిరింది.

మరీక్రూజ్ వదల్లేదు. "కొంతమందికి బతకాలని కూడా అనిపించదు. అది సిగ్గుపడాల్సిందేం కాదు. నడుం పట్టినట్టే మనసూ పడుతుంది. దానికీ మందుంది." ఆమె చూపు ఒక్కొక్కరి మీదా ఆగుతూ వచ్చి ఫిదెన్సియో దగ్గర నిలిచింది. "మీకు ఎలా ఉంటోంది బాబాయ్?"

ఇన్నాళ్ళూ ఎదురుచూసిన ప్రశ్న ఇదే. చుట్టూ ఇరవై జతల చెవులున్నాయి. వాటిలో నబోర్ చెవులున్నాయి, లాలా చెవులున్నాయి. తన సాళ్ళు చూసి నోరు మెదపని ముఠా మొత్తం ఉంది. వీళ్ళ ముందు ఇంకో బరువు ఎలా దించడం?

"నాకా? నాకు కలలో కూడా లెట్యూసే వస్తుందమ్మా. అదీ కోసేస్తా."

అందరూ పడీ పడీ నవ్వారు. మరీక్రూజ్ నవ్వలేదు. అతను రొట్టెను వేళ్ళతో కాక అరచేతికీ చిటికెనవేలికీ మధ్య ఇరికించి పట్టుకోవడం చూస్తోంది. వెళ్ళేటప్పుడు అతని పక్కన వంగి గొంతు తగ్గించింది.

"రేపు ఈ వేళకి మళ్ళీ వస్తా బాబాయ్. మనిద్దరం విడిగా కూర్చుందాం. రేపు ఉంటారు కదూ?"

"ఎక్కడికి పోతానమ్మా" అన్నాడు ఫిదెన్సియో. ఎంత మంచి పిల్ల అనుకున్నాడు. రేపు అన్న మాట అతనికి చాలా దూరంగా వినిపించింది.

ఆ మధ్యాహ్నం అతని మనసు నిలకడగా ఉంది. ఎన్ని వారాలకో! లోపల తగువులాడుకునేవాళ్ళు మాట్లాడ్డం మానేశారు. ఏదో తేలిపోయింది. మబ్బు విడి ఎండ కాసింది. అతను పంటి బిగువున వంగి, ఒక్క తోపుకు ఒక్కటి చొప్పున కోసుకుపోయాడు. నబోర్ కత్తి చాచే సందివ్వలేదు. ఆ ఒక్క పూట అతని సాలులో మోళ్ళన్నీ అతనివే. మధ్యలో ఏదో పాత పాట కూడా కూనిరాగం తీశాడు.

"అన్నయ్య పాడుతున్నాడోయ్! ఇవాళ కుండపోతే" అని అరిచింది లాలా.

నబోర్‌కు ప్రాణం లేచొచ్చింది. ముసలాడు తిన్నగా అవుతున్నాడని అనుకున్నాడు. ముఠా అంతా అలాగే అనుకుంది.

పని ముగిశాక అందరూ బస్సు దగ్గర బూట్ల బురద గీక్కుంటున్నారు. ఫిదెన్సియో కత్తి కడిగి, చొక్కాతో తుడిచి, పిడి ముందుకు పెట్టి నబోర్ వైపు చాచాడు.

ముఠా అంతా ఒక్క క్షణం ఆగి, ఒక్కసారిగా గోలపెట్టింది. కత్తి ఇవ్వడమంటే ఏమిటో మావాళ్ళకు చెప్పక్కర్లేదు. వచ్చే ఏడు మళ్ళీ వచ్చేవాడు కత్తిని తనతో తీసుకుపోతాడు. ఇక ఎన్నటికీ వంగనక్కర్లేనివాడు, ఇల్లు కట్టుకున్నవాడు, పిల్లల్ని ఒక దారికి తెచ్చినవాడు, తన కత్తిని తోడివాడి చేతిలో పెట్టి వెళ్ళిపోతాడు. మాలో అంతకంటే పెద్ద అదృష్టం లేదు. అది చూసి ఏడ్చినవాళ్ళు లేరు, కుళ్ళుకున్నవాళ్ళే అందరూ.

"అయిపోయిందన్నమాట! ఎప్పుడు ప్రయాణం?"

"ఇవాళే. సాయంత్రం బస్సుకి. ఒతీలియా రమ్మంటోంది."

"అదృష్టమంటే నీదయ్యా! మేమింకా ఈ బురదలో దొర్లాలి, నువ్వు పొద్దెక్కేదాకా ముసుగుతన్ని పడుకుంటావు!"

క్రిస్పిన్ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "మంచి పని చేశావు పెద్దాయనా. నేనే చెబుదామనుకుంటున్నా, నోరు రాక ఊరుకున్నా. వచ్చే ఏడు జాబితాలో... సర్లే, ఇప్పుడెందుకది." అతని మొహంలో పెద్ద మూట దింపినవాడి సుఖం కనిపించింది. అందరూ తేలికపడతారని లోపలి గొంతు చెప్పింది అబద్ధం కాదని ఫిదెన్సియోకు అనిపించింది.

లాలా తన డబ్బాలో మిగిలిన రొట్టెలన్నీ గుడ్డలో మూటగట్టి అతని చేతిలో పెట్టింది. "దార్లో తిను. ఒతీలియా వదినతో చెప్పు, నెల్లాళ్ళు నిన్ను మంచం దిగనీయొద్దని నేనన్నానని."

"చెబుతాలే చెల్లెమ్మా."

నబోర్ జేబులు తడుముకుని ఒక నాణెం బిళ్ళ తీశాడు. ఊరికే పుచ్చుకున్న కత్తి స్నేహాన్ని కోస్తుందని పెద్దల మాట, అందుకని ఏదో ఒక బిళ్ళ తిరిగివ్వాలి. ఫిదెన్సియో దాన్ని ఎడమచేత్తో అందుకున్నాడు, కుడిచేతికి ఇస్తే జారిపోతుంది. నబోర్ కత్తిని అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు.

"బంగారంలాంటి కత్తి. కానీ నాకెందుకన్నా ఇది? దీని పదును కుడివాటం."

"ఎడమచేత్తోనే నా సాళ్ళు కోసుకొచ్చావు కదరా ఇన్నాళ్ళూ. ఇదీ అలవాటవుతుందిలే."

నబోర్ మొహంలో రక్తం ఇంకిపోయింది. "అన్నా, అది..." అన్నాడు. బస్సు హారన్ మోగింది. జనం తోసుకుంటూ ఎక్కారు.

దారంతా నబోర్ పక్కనే కూర్చున్నాడు. కత్తిని గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాడు. రెండుసార్లు నోరు తెరిచాడు, రెండుసార్లూ నీళ్ళు నమిలాడు. బరువనుకుని చెయ్యలేదన్నా, నా సొంత అన్నైతే చెయ్యనా అని చెప్పాలని ఉంది. ఆ మాట నోటి నుంచి వస్తే, దాంతోపాటు బరువన్న మాట కూడా వస్తుంది. మర్యాదస్తుడు కనక ఊరుకున్నాడు. ఫిదెన్సియో కిటికీలోంచి సాళ్ళకేసి చూస్తూ, వాడు అడిగితే చెప్పేస్తాను, ఇప్పటికైనా చెప్పేస్తాను అనుకున్నాడు. ఇద్దరి మోకాళ్ళూ బస్సు కుదుపుకు ఒకదానికొకటి తగులుతూనే ఉన్నాయి.

"స్టేషన్ దాకా వస్తా" అన్నాడు చివరికి నబోర్.

"ఎందుకురా. పొద్దున్నే పనుంది, బట్టలుతుక్కో పో."

గదిలోవాళ్ళు బట్టల మూటలు పట్టుకుని లాండ్రీకి వెళ్ళారు. ఫిదెన్సియో మంచం మీద కూర్చుని ఊరికి ఫోన్ చేశాడు.

"ఇవాళ ఆదివారం కాదే!" అంది ఒతీలియా, ఆశ్చర్యంగా. వెనక కోడిపుంజు కూస్తోంది, వేళా పాళా లేని పుంజు అది. "ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది. ఊరికే చేశా."

"ఊరికే ఎప్పుడు చేశావు నువ్వు! సరే గాని, టోపీ కొన్నావా? పోయినేడు చివరిదాకా ఉండి పిల్లకాయలు పెట్టుకునేది పట్టుకొచ్చావు."

"ఎప్పుడో కొన్నా. పొగాకు రంగుది."

"అది పెట్టుకునే దిగు. నాకిప్పుడు చూపు ఆనడం లేదు, టోపీని బట్టైనా దూరం నుంచే గుర్తుపడతా."

అతను ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"ఒతీలియా."

"ఊఁ?"

ఆమె ఊఁ కొట్టి ఆగింది. అటు పుంజు కూడా ఆగింది. చెప్పడానికి సరిపడేంత నిశ్శబ్దం ఉంది.

"ఏం లేదు. పొయ్యి మీద ఏం పెట్టావు?"

"గుమ్మడికాయ. అదిగో మాడుతోంది, ఉండు, ఆదివారం మాట్లాడదాం" అని ఆమె పెట్టేసింది.

ఫిదెన్సియో పక్కబట్టలు మడిచి, దిండును మధ్యలో పెట్టాడు. నడుంపట్టీ విప్పి దిండు మీద చుట్టగా చుట్టి ఉంచాడు. ఆ పట్టీ లేకుండా నిలబడటం అతనికి చాలా కాలమైంది. లాలా ఇచ్చిన రొట్టెల మూట నబోర్ మంచం మీద పెట్టాడు, లాండ్రీ నుంచి ఆకలితో వస్తాడు. సంచీ భుజాన వేసుకుని, ఎడమ గుప్పిట్లో నబోర్ ఇచ్చిన బిళ్ళ పట్టుకుని, తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు వేశాడు. చీకటి పడలేదింకా. ఎదురుపడిన పక్కగది మనిషి చెయ్యెత్తి, క్షేమంగా వెళ్ళి రా అన్నాడు. ఫిదెన్సియో కూడా చెయ్యెత్తాడు.

రోడ్డు దాకా వచ్చి నిలబడ్డాడు. బస్ స్టేషన్ ఎడమవైపు. కుడివైపున కోతలైపోయిన పొలాలు తప్ప ఏమీ లేవు, వాటి మీదికి మంచు దిగుతోంది. అతను కుడికి తిరిగి, తొందరేమీ లేని మనిషిలా నడిచాడు.

నబోర్ తిరిగొచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. చెప్పకుండా పోయాడు, కోపం వచ్చినట్టుంది అనుకుని నొచ్చుకున్నాడు. దీపం వెయ్యకుండానే రొట్టెలు తిన్నాడు. ఊరు చేరాక ఫోన్ చేసి అంతా చెప్పేద్దాం, ఎదురుగా కన్నా ఫోనులో సులువు, అనుకుని పడుకున్నాడు. పనికెళ్ళే మనిషి నిద్ర మొద్దునిద్ర.

తెల్లవారుజామున స్నానాలగదికి గడియ పెట్టి లేదు. బతిమాలాల్సిన వాళ్ళెవరూ లోపల లేరు. నబోర్ దీపం వేసి తలుపు బార్లా తెరిచేసరికి, వెలుగు ఎదురుగోడ మీద పడింది.

మేకులకు నాలుగు టోపీలున్నాయి.

ముందు అతనికి అర్థం కాలేదు. తనది నల్లది. మిగిలిన ఇద్దరివీ తెల్లవి. నాలుగోది చూసి, ముసలాడు మర్చిపోయాడే, పార్సెల్ చెయ్యాలి అనుకున్నాడు. ఆ ఆలోచన సగంలోనే ఆగిపోయింది. సంచీ మర్చిపోతాం, పళ్ళసెట్టు మర్చిపోతాం, దారిఖర్చులు కూడా మర్చిపోతాం. టోపీ మర్చిపోయి ఇంటికి పోయిన మనిషి మాలో ఇంతవరకు పుట్టలేదు. అప్పుడు దిండు మీద చుట్టి పెట్టిన నడుంపట్టీ కనిపించింది. అప్పుడు కత్తి గుర్తొచ్చింది. నిన్న తామంతా ఈలలేసి, వీపులు చరిచి, నవ్వుతూ సాగనంపింది ఎక్కడికో అర్థమైంది.

"అన్నా!" అని అరుస్తూ చెప్పుల్లేకుండా బయటికి పరుగెత్తాడు.

ఆవరణలో బస్సు ఇంజను ఆపేసి ఉంది. క్రిస్పిన్ దాని పక్కన టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. లాలా మెట్టు మీద కూర్చుని ముక్కు మీది గుడ్డను రెండు చేతులతో కళ్ళకు అదుముకుంటోంది. గొట్టాలు మార్చడానికి వెళ్ళిన నీళ్ళమనిషి, నిన్న తాము కోసిన మడి చివర ఫిదెన్సియోను చూశాడట. అప్పటికే చల్లబడిపోయాడట. ఎడమచేతి గుప్పిట గట్టిగా మూసుకుని ఉందట.

"నిన్న పాడాడు కదా" అంది లాలా. "పాడాడు కదరా నబోర్. పాడేవాడు..."

"మనం అడగలేదు లాలా" అన్నాడు నబోర్. "సాళ్ళు కోసిపెట్టాం గాని, ఒక్కళ్ళం అడగలేదు." అని తలను బస్సు రేకుకేసి కొట్టుకున్నాడు. క్రిస్పిన్ వచ్చి పట్టుకున్నాడు. ఆ రోజు ఎవరూ కసరత్తు చెయ్యలేదు, ఎవరూ హాస్యమాడలేదు. మధ్యాహ్నం మాట ప్రకారం మరీక్రూజ్ వచ్చింది. ఎక్కడ కూర్చోవాలో తెలియక, చాలాసేపు గట్టు మీద నిలబడే ఉంది. అప్పుడు ఒక్కొక్కరే లేచి ఆమె దగ్గరికి నడిచారు. ముందుగా వెళ్ళింది, నిన్న ఆమెతో హాస్యమాడినవాడు.

సాయంత్రం గదిలో మంచం ఇంకా మడిచినట్టే ఉంది. గోడ మేకుకు ఆ పొగాకు రంగు టోపీ, ఒతీలియా దూరం నుంచే గుర్తుపట్టవలసినది, కవరు విప్పకుండా అలాగే వేలాడుతోంది.